పుట్టింటి పొగాకు

"పొగాకు," అన్నాడు వెడ్సన్ మ్సూక్వా. "మూడు ఆకులు."

కస్టమ్స్ కిటికీ అవతలి అమ్మాయి తలెత్తి చూసింది. "రాయించాల్సిన సరుకేమీ లేదు కదా, తాతా?" అని ఆమె అంతకుముందు అడిగింది మాటవరసకే. సరిహద్దు మీద ఇలోంగో గేటు పెట్టిన నాటి నుంచీ ఆ ప్రశ్నకి జనం చెప్పే జవాబు ఒక్కటే, లేదని. చంకలో కోడి కొక్కొరోకో అంటున్నా లేదనే అంటారు. పక్క కిటికీలో అప్పటికే ఆయన పాస్‌పోర్టు మీద మలావీ దాటినట్టు ముద్ర పడిపోయింది. ఇంకో ఇరవై అడుగులు వేస్తే వంతెన. వంతెన దాటితే టాంజానియా. అక్కణ్ణుంచి సైకిల్ మీద అరగంట పోతే ఇటోపె ఊరు. ఆ ఊళ్ళో ఆయన అక్క సుబిలగని వాకిట్లో పందిరి కింద పడుకోబెట్టి ఉంచారు. రెండింటికి మట్టి చెయ్యాలి. అప్పుడు పదకొండయింది.

ఆయన చేతిసంచిలోంచి అరటాకులో చుట్టిన పొట్లం తీసి బల్ల మీద పెట్టాడు. ఆ అమ్మాయి ఉద్యోగంలో చేరి నాలుగు నెలలే అయింది. పేరు లుసుంగు. పొట్లం విప్పి, ఆకులు లెక్కపెట్టి, ఉత్తరాలు తూచే చిన్న త్రాసులో వేసి, కంప్యూటర్లో కొట్టింది. సరుకు, పొగాకు. బరువు, యాభై గ్రాములు.

"పర్మిట్ ఉందా?"

"లేదు."

ఇంకో మీట నొక్కింది. యంత్రం ఒక కేసు నంబరు చూపించింది. అప్పుడు పాస్‌పోర్టు తెరిచి పేరు చూసి, చెయ్యి అలాగే గాల్లో ఉంచేసింది.

"మ్సూక్వా అంటే... ఆ మ్సూక్వా గారేనా సర్? ఆకు నిబంధనలు రాసిన మ్సూక్వా గారా? ట్రైనింగులో ఆర్నెల్లు మీ పుస్తకమే వల్లె వేశాం సర్."

"నంబరు పడిందామ్మా?"

"పడింది సర్."

వెడ్సన్ బల్ల మీది ఆకుల వైపు చూశాడు. తర్వాత, "అయితే పద్నాలుగో నిబంధన," అన్నాడు.

"అవును సర్, పద్నాలుగు," అంది లుసుంగు నీళ్ళు నములుతూ.

ఈ సంగతి విన్నవాళ్ళందరూ ముందు అడిగేది, ఆ మూడాకులూ జేబులో కుక్కుకుని నోరు మూసుకుని పోతే ఎవరు చూడొచ్చారని. ఎవరూ చూడరు. చూసినా ఏమీ అనరు. కానీ అలా పోగలిగితే ఆయన వెడ్సన్ మ్సూక్వా ఎందుకవుతాడు? నలభై ఏళ్ళు అవతలివాళ్ళని "ఏముంది?" అని అడిగి బతికినవాడు. తనని ఎవరైనా అడిగితే ఉన్నది చెప్పేయడం తప్ప ఇంకోటి నోటికి రాదు. ఇంట్లో భార్య "కూర ఎలా ఉంది?" అని అడిగినా అంతే.

ఇరవై రెండేళ్ళప్పుడు ఇదే గేటులో గుమాస్తాగా చేరాడు. తర్వాత పొగాకు వేలం దగ్గరికి మార్చారు. బేలు మధ్యలో తడి ఆకూ, రాళ్ళూ పెట్టి బరువు పెంచేవాళ్ళని బేలు విప్పకుండానే వాసన చూసి పట్టేసేవాడు. సిగరెట్ల పన్ను విభాగంలో పదేళ్ళు చేశాడు. ఫిల్టరు దూది ఉన్న సిగరెట్టుకి ఒక పన్ను, లేనిదానికి ఒక పన్ను ఉందని చెప్పి కంపెనీలవాళ్ళు ఒకటి చేసి ఇంకొకటి రాస్తుంటే, పెట్టె విప్పించి ఒక్కో సిగరెట్టూ విరిచి చూసినవాడు. ఇరుగుపొరుగు దేశాలతో వ్యాపార ఒప్పందాలు మాట్లాడటానికి వెళ్ళి, అందరూ విందులకి పోతే గదిలో కూర్చుని కాగితాలు దిద్దుకున్నవాడు. డిప్యూటీ కమిషనరుగా రిటైరయ్యాడు. వీడ్కోలు సభలో ఆయన గురించి మాట్లాడినవాళ్ళందరూ మెచ్చుకున్నారు, ఒక్కరూ కన్నీళ్ళు పెట్టుకోలేదు.

పద్నాలుగో నిబంధన ఆయన ప్రాణం. అది పుట్టడానికి కారణం ఒక పెద్దమనిషి. ఆయనగారి ఐదు లారీల పొగాకు దొంగతనంగా పోతుంటే పట్టుకుని కేసు రాశారు. రాజధాని నుంచి ఒక్క ఫోన్ రాగానే ఆ కాగితాలు చింపేశారు. ఆ చింపిన ముక్కల్ని చెత్తబుట్టలోంచి ఏరింది వెడ్సనే. ఏడాది తిరక్కుండా నిబంధన రాయించాడు. కేసు నంబరు పడ్డాక మంత్రి చెప్పినా ఎవరూ దాన్ని తీసెయ్యడానికి లేదు. గేటు ఇన్‌చార్జి స్వయంగా వచ్చి, మనిషిని ఎదురుగా కూర్చోబెట్టుకుని, స్వహస్తంతో రాసిన వాంగ్మూలం తీసుకున్నాకే ఆ ఫైలు మూయాలి. అంతవరకూ సరుకు అక్కడే, పాస్‌పోర్టు అక్కడే, మనిషీ అక్కడే. వెనక్కి దేశంలోకి రాకూడదు, ముందుకి పోకూడదు.

ఇన్‌చార్జి కాచింగ్వే ఆ రోజు మీటింగు కోసం జిల్లా ఆఫీసుకి వెళ్ళాడు. లుసుంగు నాలుగుసార్లు ఫోన్ చేస్తే ఐదోసారి ఆయనే చేశాడు.

"సర్, నమస్కారం సర్. నేను కాచింగ్వేని. లిలాంగ్వే పొగాకు వేలంలో మీ కింద పనిచేశాను, గుర్తున్నానా సర్?"

"గుర్తున్నావు. బేళ్ళు తూచే దగ్గర నిద్రపోయేవాడివి."

"అవును సర్." ఆ గొంతులో ఇప్పటికీ భయమే ఉంది. "మీ అక్కగారి సంగతి చెప్పింది ఆ పిల్ల. నాకు చాలా బాధగా ఉంది. కానీ స్వయంగా రావాలని మీరే పెట్టారు కదా సర్. ఇప్పుడే బయల్దేరుతున్నాను. రోడ్డు కొట్టుకుపోయింది, కొండ చుట్టూ తిరిగి రావాలి. ఐదు దాటుతుంది."

"ఫోన్లో వాంగ్మూలం ఇస్తే?"

అడగ్గానే వెడ్సన్‌కి సిగ్గేసింది. ఫోన్లో పనికిరాదని ఆయనే రాశాడు. కాచింగ్వే కూడా నసిగాడు.

రెండు గేట్ల మధ్య, వంతెనకి ఇవతల, ఒక రేకుల షెడ్డుంది. ఫైలు నడుస్తున్నవాళ్ళు కూర్చోవడానికి ఒక బల్ల. వెడ్సన్ వెళ్ళి అందులో కూర్చున్నాడు. ఒళ్ళో సంచి ఉంది, సంచిలో ఏమీ లేదు. ఆకుల పొట్లం మీద లుసుంగు లక్క ముద్ర వేసి బీరువాలో పెట్టి తాళం వేసింది.

పన్నెండింటికి భార్య నెలియా ఫోన్ చేసింది. ఆమె పొద్దున్నే చుట్టాలతో కలిసి వ్యానులో దాటి వెళ్ళిపోయింది. ఈయన మాత్రం అక్క పుట్టింటి పొలానికి వెళ్ళి ఆకు తీసుకుని వస్తానని వెనకబడ్డాడు.

"ఏమండీ, ఎక్కడున్నారు? వంట గిన్నెలు కూడా దించేశారు. అందరూ మీ కోసమే చూస్తున్నారు."

"గేటు దగ్గర."

"అవతలా, ఇవతలా?"

"మధ్యలో."

జరిగింది విని ఆమె విరుచుకుపడింది. "నలభై ఏళ్ళు ఆ గేటుతోనే కాపురం చేశారు, నాతో చెయ్యలేదు. ఈ ఒక్కరోజు దాన్ని వదిలేసి రాకూడదా? నా రుమాలు మడతలో పెట్టి ఇస్తే నేను తెచ్చేదాన్ని కాదా ఆ దిక్కుమాలిన ఆకులు?"

"అది నేనే తేవాలి నెలియా."

అది ఆ ఇంటి పద్ధతి. ఆడపిల్ల అత్తారింట్లో పోతే, తోబుట్టువు పుట్టింటి పొలంలో కాసిన పొగాకు తెచ్చి ఆమె కుడి అరచేతిలో పెట్టి వేళ్ళు మూయాలి. తర్వాత "మట్టి వెయ్యండి" అని అతను చెప్పాలి. ఆ మాట పుట్టింటివాళ్ళ నోటి నుంచి రాకుండా ఎవరూ పార ముట్టరు. సుబిలగ పుట్టింట్లో మిగిలిన మగవాడు వెడ్సన్ ఒక్కడే. ఆకు సంగతి అలా ఉంచినా, ఆ మాట చెప్పడానికైనా ఆయన అక్కడ ఉండాలి.

పైగా అది వర్షాకాలం. ఇటోపె అంతా వరి పొలాలే, రెండడుగులు తవ్వితే నీళ్ళు. గొయ్యి తీసి ఎక్కువసేపు ఉంచడానికి లేదు.

షెడ్డులోంచి చూస్తే సోంగ్వే నది కనిపిస్తుంది. వంతెనకి కూతవేటు దూరంలో రేవు. అక్కడ నీళ్ళు నడుం లోతు. ఆడవాళ్ళు పంచదార, సబ్బులు, వంటనూనె డబ్బాలు నెత్తిన పెట్టుకుని, నడుముకి చుట్టుకున్న గుడ్డలు పైకి దోపుకుని, అటూ ఇటూ దాటుతున్నారు. ఒకావిడ నది మధ్యలో ఆగి, అవతలి నుంచి వస్తున్న ఇంకొకావిడతో బియ్యం రేటు మాట్లాడుకుంటోంది. వెడ్సన్ అలవాటుకొద్దీ మూటలు లెక్కపెట్టడం మొదలుపెట్టి, పద్దెనిమిది దగ్గర తనని తాను ఆపుకున్నాడు.

ఒంటిగంటకి లుసుంగు టీ, మందాసీలనే నూనెలో వేయించిన తీపి రొట్టెలు రెండు తెచ్చి బల్ల మీద పెట్టింది. మందాసీలు ఇంకా వేడిగా ఉన్నాయి. ఆయన ముట్టలేదు.

"సర్, ఒక మాట చెప్పనా?"

"చెప్పమ్మా."

"నేను లోపలికి వెళ్ళి రికార్డులు సర్దుకుంటాను. గంట పడుతుంది. కిటికీ వేసుకుంటాను. ఆ రేవు దగ్గర నీళ్ళు తక్కువగానే ఉన్నాయి. పొట్లం బీరువా తాళం చెవి బల్ల మీదే ఉంటుంది." ఆమె నేలకేసి చూస్తూ గబగబా చెప్పేసింది. "మీరు సాయంత్రానికి తిరిగి ఇక్కడే కూర్చుంటే చాలు సర్."

వెడ్సన్‌కి నిజంగానే లేవాలనిపించింది. మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని, సగం లేచాడు కూడా. నది అంతా కలిపి నూట యాభై అడుగులుండదు. చిన్నప్పుడు అక్క వీపు మీద ఎన్నోసార్లు దాటాడు. తడిసిన చొక్కాతో వెళ్ళినా ఎవరూ ఏమీ అనుకోరు. అక్క మొహం చూడొచ్చు.

"పదిహేనో నిబంధన ఏమిటి?" అని అడిగాడు.

లుసుంగు టీ కప్పుని ఆయన వైపు జరిపింది.

"చెప్పమ్మా, పరీక్ష పాసయ్యావుగా."

"నిలిపి ఉంచిన మనిషి అధికారి ఉండగా వెళ్ళిపోతే, ఆ అధికారిని అదే రోజు ఉద్యోగంలోంచి ఆపేయాలి. విచారణ తర్వాత సంగతి."

"ఇంట్లో ఎంతమంది మీరు?"

"అమ్మ, ఇద్దరు తమ్ముళ్ళు. పెద్దోడు కాలేజీ."

ఆయన మళ్ళీ కూర్చున్నాడు. "టీ బావుంది," అన్నాడు, తాగకుండానే. లుసుంగు కళ్ళు తుడుచుకుంటూ లోపలికి వెళ్ళింది. ఇన్నేళ్ళలో ఆయన చెప్పిన మొదటి అబద్ధం బహుశా అదే.

రెండయింది. ఎవరూ ఫోన్ చెయ్యలేదు. కొండ వైపు నుంచి మబ్బు నల్లగా దిగుతోంది. వెడ్సన్ షెడ్డులో ఈ మూల నుంచి ఆ మూలకి నడిచాడు. తొమ్మిది అడుగులు. ఈ షెడ్డు కట్టించినప్పుడు ఇంత పొడవు చాలని కాగితం మీద సంతకం పెట్టింది తనే. అప్పటికిక్కడ తడికలతో కట్టిన పాత షెడ్డు ఉండేది. ఆ పాత షెడ్డులో ఒకరోజు పొద్దుటి నుంచి సాయంత్రం దాకా అక్క కూర్చుంది.

దాని గురించి ఆయన ఎవరితోనూ అనలేదు. భార్యతో కూడా అనలేదు.

అమ్మా నాన్నా పోయాక ఆయన్ని పెంచింది సుబిలగే. ఆయనకన్నా పన్నెండేళ్ళు పెద్దది. నది అవతలికి పెళ్ళయి వెళ్ళినా పుట్టింటి పొలం వదల్లేదు. ఏటా పొగాకు కోతలయ్యాక ఆకు మూట నెత్తిన పెట్టుకుని ఇదే రేవు దాటి, అవతల ముక్కుపొడి నూరేవాళ్ళకి అమ్మేది. తమ్ముడి బడి, పుస్తకాలు, మొదటి బూట్లు, అన్నీ ఆ మూటలోంచే వచ్చాయి. ఆ చదువుతోనే ఆయన కస్టమ్స్ పరీక్ష రాశాడు. ఇరవై తొమ్మిదో ఏట ఇన్‌స్పెక్టరుగా మళ్ళీ ఇదే గేటుకి వచ్చాడు.

వచ్చిన మూడో వారం ఒక పొద్దున రేవు మీద దాడి చేశారు. ఐదుగురు ఆడవాళ్ళు దొరికారు. నాలుగో ఆవిడ అక్క. నడుం దాకా తడిసి, మూట రెండు చేతులా పట్టుకుని నిలబడి, ఆయన్ని చూసి కళ్ళు దించుకుంది. పక్కనున్న ఉద్యోగులకి సంగతి తెలుసు. ఏం చేస్తాడోనని వాళ్ళు ఆయన మొహం చూస్తున్నారు. ఆయన కలం తీసి ఐదు పేర్లూ రాశాడు. ఆవిడ వంతు వచ్చినప్పుడు "పేరు?" అని అడిగాడు కూడా. ఆవిడ చెప్పింది. తమ్ముడని ఒక్క మాట అనలేదు. చీకటి పడేవేళకి మిగతావాళ్ళతో పాటు వదిలేశారు. మూట మాత్రం పోయింది. ఆ ఏడాది కొడుకు అసాజిలెని పెద్ద బడిలో వెయ్యాలని ఆ మూట. ఆ పిల్లాడి చదువు అక్కడితో ఆగిపోయింది. ఇప్పుడతను సైకిల్ మీద మనుషుల్ని ఎక్కించుకుని తిప్పుతూ బతుకుతున్నాడు.

ఆ తర్వాత కూడా వెడ్సన్ ఏటా ఇటోపె వెళ్ళేవాడు. అక్క అరటికాయ వండి పెట్టేది, చేపలు వేయించేది, ఆ రోజు మాట ఎత్తేది కాదు. ఇంట్లో ఎవరూ ఎత్తేవారు కాదు. ఎవరో పరాయి ఆఫీసరు పట్టుకున్నాడని అక్క ఇంట్లోవాళ్ళకి చెప్పి ఉంటుందని ఆయన అనుకున్నాడు. తన పరువు కాపాడటానికి అక్క అబద్ధమాడిందని, ఆ అబద్ధం కింద తను హాయిగా బతుకుతున్నానని ఆయన మనసు లోపల తొలిచేది. ఆయన తిరిగి వచ్చేటప్పుడు అక్క గుమ్మం దాకా వచ్చి ప్రతిసారీ ఒకటే మాట అనేది. "వచ్చేసారి అమ్మ పొలం ఆకు రెండు తేరా తమ్ముడూ. ముక్కుపొడికి. ఇక్కడి ఆకు గడ్డిలా ఉంటుంది."

"పర్మిట్ లేదక్కా," అనేవాడు.

నిజంగానే లేదు. పర్మిట్ వంద బేళ్ళకి ఉంది, యాభై బేళ్ళకి ఉంది. రెండు ఆకులకి పర్మిట్ అనేదే ఆ చట్టంలో లేదు. రాసినప్పుడు ఆయనకి ఆ ఆలోచనే రాలేదు.

మూడుంబావుకి ఫోన్ మోగింది. మేనల్లుడు అసాజిలె.

"మావయ్యా, పెరట్లో తీసిన గోతిలో ఊట వస్తోంది. బకెట్లతో తోడిపోస్తున్నాం. ఇటు పక్క గట్టు విరిగింది."

"ఇన్‌చార్జి ఐదింటికి వస్తాడురా. అక్కణ్ణుంచి నాకు అరగంట."

"అంతసేపు ఆగదు మావయ్యా. వాన కూడా వచ్చేలా ఉంది. నేను రేవుకి రానా? సైకిలు అవతల పెట్టి, నిన్ను భుజాల మీద ఎక్కించుకుని తెచ్చేస్తా."

"వద్దు. ఇక్కడొక పిల్ల ఉద్యోగం పోతుంది."

అసాజిలె వాదించలేదు. అటుపక్క ఎవరో పెద్దాయన, "ఆయన ఏమంటున్నాడు? మాట ఇస్తాడా, ఇవ్వడా?" అని అడగడం వినిపించింది. అప్పటిదాకా వెనక వినిపిస్తున్న ఏడుపు పాటని ఆడవాళ్ళు ఆపేశారు. వెడ్సన్ షెడ్డు అంచు దాకా నడిచాడు. ఎదురుగా నది అవతలి ఒడ్డు చెట్లు స్పష్టంగా కనిపిస్తున్నాయి. ఆ చెట్ల వెనకాలే ఊరు.

"అందరికీ వినిపించేలా పెట్టు ఫోను," అన్నాడు.

"పెట్టాను మావయ్యా."

"నేను వెడ్సన్‌ని. నేను రాలేకపోతున్నాను. మట్టి వెయ్యమనే ముందు ఒకటి చెప్పాలి. అది చెప్పకుండా ఆ మాట అనే హక్కు నాకు లేదు." ఆపి, మళ్ళీ మొదలుపెట్టాడు. "ఆ ఏడాది అక్కని రేవు దగ్గర పట్టుకుంది నేనే. ఆకు తీసుకుంది నేనే. పేరు అడిగి మరీ రాశాను. అసాజిలె, నీ చదువు పోయింది నా వల్లే. ఇన్నాళ్ళూ నోరు విప్పలేదు. నన్ను క్షమించమని అక్కని అడగలేదు."

అవతల బకెట్ల చప్పుడు మాత్రం వస్తోంది. తర్వాత ఎవరో ముసలావిడ నవ్వింది. చావింట్లో, శవం పక్కన, గట్టిగా నవ్వింది.

"మావయ్యా," అన్నాడు అసాజిలె. "అది తెలియనివాళ్ళు ఇక్కడ ఎవరున్నారు?"

"ఏమిటి?"

"ఆ సాయంత్రం అమ్మ తడి బట్టలతో వచ్చి వాకిట్లో నిలబడి ఊరంతటికీ చెప్పింది. నా తమ్ముడు నన్నే వదల్లేదు, ఇంకెవణ్ణి వదుల్తాడు చూడండి, అని. పెళ్ళిళ్ళలో అదే చెప్పేది, చావుల్లో అదే చెప్పేది. విని విని మా చెవులు చిల్లులు పడ్డాయి. నువ్వొచ్చినప్పుడు మాత్రం ఎవరైనా ఆ మాటెత్తితే చంపేస్తానని ఒట్టు వేయించుకుంది. నీకు సిగ్గేస్తుందట."

వెడ్సన్ ఫోను ఇంకో చెవికి మార్చుకున్నాడు.

"నా చదువంటావా, పోయింది," అన్నాడు అసాజిలె. "కొన్నాళ్ళు నీ మీద కోపంగానే ఉండేది. మూడేళ్ళో నాలుగేళ్ళో. ఇప్పుడు లేదులే."

"ఆకు కూడా తేలేకపోయానురా. ఇక్కడే బీరువాలో ఉండిపోయింది."

"ఆకుకేం మావయ్యా, అమ్మ మంచం కింద కుండెడుంది. అమ్మమ్మ పొలందే."

"అదెలా వచ్చింది?"

"ఎలా వస్తుంది? నదిలోంచి వచ్చింది. ఏటా కోతలయ్యాక నేనే తెస్తా."

"ఏటా? ఎన్నేళ్ళుగా? ఏ రేవు నుంచి? ఎన్ని కిలోలు?" అని అడిగేశాడు వెడ్సన్, ఆపుకునేలోపే.

ఈసారి అందరూ నవ్వారు. అసాజిలె కూడా నవ్వాడు. ఆ నవ్వులో ఏడుపు కలిసిపోయి ఉంది. "కేసు రాస్తావా మావయ్యా? రాసుకో. ఆ వంతెన కింద నుంచే."

"మరి నన్నెందుకు అడిగేదిరా ప్రతిసారీ?"

"నువ్వేమంటావో వినడానికి. నువ్వు వెళ్ళాక నీలా మెడ నిక్కించి, గొంతు లావు చేసి, పర్మిట్ లేదక్కా అని చేసి చూపించేది. మేం పొట్టలు పట్టుకుని నవ్వేవాళ్ళం." అసాజిలె కాస్త ఆగాడు. "ఎప్పటికైనా ఒకసారి తెస్తావేమోనని కూడా ఉండేదేమో మావయ్యా. అది మాత్రం నాకు తెలీదు."

వెడ్సన్ బల్ల మీద కూర్చుండిపోయాడు. కళ్ళ నీళ్ళు చొక్కా మీద పడుతున్నా తుడుచుకోలేదు. ఆఫీసు గుమ్మంలో లుసుంగు నిలబడి ఉంది. ఆమె వినకూడనిదంతా విన్నది. ఆమె ఉందని ఆయనకి తెలుసు, దాచుకోవాలనిపించలేదు.

"నెలియా ఉందా అక్కడ?"

"ఉన్నానండీ."

"ఆ కుండలోంచి మూడు ఆకులు తియ్యి. మంచివి చూసి తియ్యి. కాడ విరక్కుండా ఉన్నవి."

అటుపక్క ఎవరో ఇంట్లోకి పరిగెత్తిన అడుగుల చప్పుడు వినిపించింది. కుండ మూత తీశారు. "తీశానండీ," అంది నెలియా. ఎప్పుడూ సాధించే గొంతు ఇప్పుడు మెత్తగా ఉంది. "మీ చెయ్యి అనుకుని పెడుతున్నాను."

"కుడి చేతిలో."

"తెలుసు."

"వేళ్ళు మూయి. ఒక్కొక్కటీ."

"మూస్తున్నాను. చాలా చల్లగా ఉంది చెయ్యి... మూశానండీ."

వాన మొదలైంది. రేకుల మీద చినుకులు ఒక్కొక్కటే పడి, తర్వాత ఒక్కసారిగా జోరందుకున్నాయి. వంతెన అవతలి చెట్లు కనబడటం మానేశాయి. వెడ్సన్ లేచి, టోపీ తీసి, ఫోను రెండు చేతులా పట్టుకున్నాడు. వాన హోరులో వినబడదేమోనని గొంతు పెంచాడు.

"అక్కా," అన్నాడు. ఇంకేదో అనబోయి అనలేకపోయాడు. "మట్టి వెయ్యండి."

అక్కని గోతిలోకి దించాక, మొదటి పార మట్టి పడింది. తడి మట్టి, బరువుగా పడింది. ఆడవాళ్ళు మళ్ళీ పాట అందుకున్నారు. ఎవరూ ఫోన్ పెట్టేయలేదు, ఆయనా పెట్టేయలేదు. కాచింగ్వే రావడానికి ఇంకా గంటన్నర ఉంది. ఫోను చెవికి ఆనించుకుని, అవతల పారల చప్పుడు పూర్తిగా ఆగేదాకా వెడ్సన్ ఆ షెడ్డులో నిలబడే ఉన్నాడు.